సైనికుల సామాను మోసే మానవరహిత బండికి చక్రాలు మేలా, ట్రాకులు మేలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చివరి సంవత్సరం ప్రాజెక్టుగా ఆరు చక్రాల మానవరహిత బండి చేస్తున్నారు, చక్రాలతోనే ఉండాలా, ట్రాకులకు (యుద్ధ ట్యాంకులకు ఉండే గొలుసు పట్టాలకు) మారాలా? ఇలాంటి బండ్లను పరీక్షించే బృందంలో నేను నాలుగేళ్లు పనిచేశాను. చక్రాలతోనే ఉండండి. కానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. రేడియో లింక్ తెగిన క్షణాన మీ బండి ఏం చేస్తుంది? మీ ప్రశ్నలో దాని ఊసే లేదు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ముందు చక్రాల సంగతి. గట్టి నేల మీద చక్రాలకు తక్కువ కరెంటు చాలు, చప్పుడూ తక్కువే. ఆరింట్లో ఒక టైరు పోయినా బండి ఎలాగోలా కదులుతుంది. ట్రాకు ఊడితే అక్కడే కూలబడుతుంది. లోతు బురదలోనూ కందకాల దగ్గరా మాత్రం ట్రాకులదే పైచేయి. 1972లో ఉత్తర ఐర్లాండ్‌లో బాంబుల దగ్గరికి పంపడానికి బ్రిటిష్ సైన్యం తయారుచేసిన వీల్‌బారో రోబో, కరెంటుతో నడిచే తోపుడుబండి చాసిస్ మీద పుట్టింది. తర్వాతి రకాలకు ట్రాకులు పెట్టారు. మీది దూరాలు తిరిగే పని. అమెరికా సైన్యం ఇలాంటి సామాను బండికి పెట్టిన షరతు 1000 పౌండ్ల బరువుతో 72 గంటల్లో 60 మైళ్లు. 2019లో వాళ్లు ఎంచుకున్నది ఎనిమిది చక్రాల బండినే.

ఇక అసలు విషయం. ఓ రోజు మా బండి 200 కిలోల ఇసుక బస్తాలతో మట్టిగట్టు అవతలికి వెళ్లింది. కంట్రోల్ పెట్టె నా చేతిలో ఉంది. తెర మీద, కెమెరాకు అడ్డంగా ఊగుతున్న గడ్డిపరక ఒకటి సగంలో ఆగిపోయింది. గాలి పడిపోయిందనుకున్నాను. ఆగింది వీడియో అని తెలిసేసరికి రెండు సెకన్లు గడిచాయి. అర సెకను కమాండ్ అందకపోతే బ్రేకు పడాలని ప్రోగ్రాం రాసింది మేమే, అది రాసినట్టే పనిచేసింది. కానీ బండి ఆగింది సిగ్నల్ చేరని చోట! ఇద్దరం నడిచి వెళ్లి తెచ్చాం. పరీక్షా మైదానం కాబట్టి నడవగలిగాం. నిజంగా కాల్పులు జరిగే చోటైతే ఆ నడక ఎవరిది? ఏ సైనికుడి ప్రాణం కోసం ఆ బండి చేశామో అతనిదే. తిరిగొచ్చేటప్పుడు మేమిద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు.

తర్వాత, వెళ్లిన దారిని బండి గుర్తుపెట్టుకుని, లింక్ తెగితే సిగ్నల్ దొరికేదాకా అదే దారిన వెనక్కి వచ్చేలా మార్చాం. అక్కడ చక్రాలతో కొత్త తిప్పలు వచ్చాయి. మాది స్కిడ్ స్టీరింగ్: చక్రాలు పక్కకు మళ్లవు, ఒక వైపువి వేగంగా, రెండో వైపువి నెమ్మదిగా తిరిగితేనే మలుపు. అప్పుడు టైర్లు అడ్డంగా ఈడ్చుకుపోతూ మట్టిని చెక్కేస్తాయి. వెళ్లేటప్పుడు మలుపు దగ్గర జానెడు లోతు గాడి పడింది. వెనక్కి వస్తూ బండి సరిగ్గా అందులోకే దిగింది, టైరు పక్కభాగం గాడి అంచుకు ఒరుసుకుంది, మోటారు కరెంటు రెట్టింపు దాటింది, మోటారుకు కరెంటు అందించే కంట్రోలర్ వేడెక్కి ఆగిపోయింది. దగ్గరికి వెళ్తే కాలిన వార్నిష్ వాసన. టైర్లలో గాలి తగ్గించి, మలుపులు విశాలంగా తీసుకునేలా చేసి, మెత్తటి నేలలో ఉన్నచోటే గిర్రున తిరగడం మాన్పించాక గానీ ఆ బాధ తీరలేదు.

చక్రాలు తిరుగుతున్నా బండి కదలడం లేదని గుర్తుపట్టే ఏర్పాటు కూడా పెట్టండి. 2004లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని బండ్లకు పెట్టిన ఎడారి పోటీలో దారి 142 మైళ్లు. అందరికంటే ముందుకు వెళ్లిన శాండ్‌స్టార్మ్ అనే బండి ఏడు మైళ్ల పైచిలుకు దగ్గరే, ఒక మలుపు అంచున ఇరుక్కుపోయింది. చక్రాలు ఒకేచోట తిరిగి తిరిగి టైరు రబ్బరు అంటుకుంది.

వేగం మీద మోజు పెంచుకోకండి. వీడియో 0.3 సెకన్లు ఆలస్యంగా వస్తుందనుకుంటే, గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి మీరు చూస్తున్న చోటు దాటి ఒకటిన్నర మీటరు పైనే ముందుంటుంది. పైగా తెర మీద గుంటకూ నీడకూ తేడా తెలియదు. నేనైతే కొత్త నేల మీద మనిషి నడక వేగం దాటనివ్వను.

బండి మీద ఆయుధం పెట్టే ఆలోచన ఉందని చివర్లో రాశారు. విద్యార్థి ప్రాజెక్టులో అది వద్దని గట్టిగా చెబుతాను. లింక్ తెగితే బ్రేకు కంటే ముందు ఆయుధం మూగబోవాలి, అది ప్రతిసారీ జరుగుతుందని రుజువు చేయడం పెద్ద బృందాలకే ఏళ్ల పని.

ముందు ఈ పరీక్ష చేయండి. వాలు దిగుతుండగా ఒకసారి, మలుపు మధ్యలో ఒకసారి, గట్టు చాటున ఒకసారి రిమోట్ ఆపేయండి. వాలులో జారితే, కరెంటు లేకపోయినా పట్టి ఉంచే బ్రేకు కావాలన్నమాట. మూడు చోట్లా ఎవరూ లేచి వెళ్లకుండా బండి వెనక్కి వచ్చిందా, మోటారు కరెంటు ఎంత చూపించిందో రాసుకుని ఇక్కడ పెట్టండి. టైరు సైజూ గాలీ అప్పుడు లెక్కేద్దాం.