టెక్ సందేహాలు: నా జాబ్ ఎందుకు కదలడం లేదు?

ప్రశ్న: సార్, ఏర్పేడు దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. మా ల్యాబ్‌కి వేరే ఊళ్లో ఉన్న సూపర్‌కంప్యూటర్‌లో అకౌంట్ ఇచ్చారు. దాంట్లో నడపమని నేను వేసిన పని, అదే నా జాబ్, మూడు రోజులుగా పెండింగ్‌లోనే ఉంది. నా తర్వాత వేసినవాళ్లవి గంటలో మొదలైపోతున్నాయి. సపోర్ట్‌కి మెయిల్ పెడితే ‘స్క్రిప్ట్ పంపండి’ అని ఒక్క ముక్క రాశారు. ఇక్కడా సిఫార్సు ఉండాలా? స్క్రిప్ట్ మీకూ పంపుతున్నాను.

జవాబు: సిఫార్సు ఏమీ లేదమ్మా. జాబ్‌కి ఏమేం కావాలో అడిగే మీ స్క్రిప్ట్‌లో 96 కోర్లు (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు), 72 గంటలు అని ఉంది. కింద మీరే రాశారు, పోయిన నెల ఇదే పని తొమ్మిది గంటల్లో అయిపోయిందని. మరి 72 ఎందుకు? ‘ఎందుకైనా మంచిదని’ కదా!

అక్కడ వరస చూసేది మనిషి కాదు, షెడ్యూలర్ అనే ప్రోగ్రామ్. చాలాచోట్ల స్లర్మ్ అనేది వాడతారు. మన ఊళ్లో కల్యాణ మండపం సంగతి తీసుకోండి. రాత్రి ముహూర్తానికి పెళ్లివాళ్లు బుక్ చేసుకున్నారు, మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీ. పుట్టినరోజు ఫంక్షన్ అంటే మేనేజర్ సరే అంటాడు. రెండు రోజులు కావాలంటే తల అడ్డంగా ఊపుతాడు. షెడ్యూలర్ కూడా అంతే. పెద్ద జాబ్ కోసం నోడ్‌లు (సూపర్‌కంప్యూటర్‌లోని ఒక్కో కంప్యూటర్) ఖాళీ అయ్యేలోపు మధ్యలో దొరికే సందుల్లో చిన్న జాబ్‌లను దూరుస్తుంది. దీన్నే బ్యాక్‌ఫిల్ అంటారు. 72 గంటల జాబ్ ఏ సందులోనూ పట్టదు. 12 అడిగి చూడండి. మరీ బిగించి తొమ్మిదే పెట్టకండి. టైమ్ దాటితే షెడ్యూలర్ జాబ్‌ని చంపేస్తుంది, అప్పటిదాకా చేసిన లెక్క పోతుంది. ప్రోగ్రామ్‌లో చేసిన లెక్కను మధ్యమధ్యలో దాచుకునే చెక్‌పాయింట్ పెట్టుకునే వీలుంటే తప్పక పెట్టుకోండి.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. మీది మామూలు పైథాన్ ప్రోగ్రామ్, పనిని పంచే ఏర్పాటేమీ అందులో కనపడలేదు. అంటే ఒక కోర్ చెమటోడుస్తుంటే 95 కోర్లు ఊరికే కూర్చుంటాయి. కానీ మీ ఖాతాలో మొత్తం 96 కోర్ల వాడకమూ పడుతుంది, దాంతో ఎవరెంత వాడారో చూసి వంతు ఇచ్చే ఫెయిర్‌షేర్ లెక్కలో మీ తర్వాతి జాబ్‌ల ప్రాధాన్యం తగ్గుతుంది. అయిపోయిన జాబ్ నిజంగా ఎంత సమయం, ఎంత మెమరీ తిన్నదో స్లర్మ్‌లో ఎస్-ఏ-సి-సి-టి (sacct) కమాండ్ చెబుతుంది. అది చూసి అడగండి.

ఇక సపోర్ట్‌వాళ్ల సంగతి. ‘నా జాబ్ రన్ అవడం లేదు, అర్జెంట్’ అంటే వాళ్లకేం తెలుస్తుంది? జాబ్ నంబర్, స్క్రిప్ట్, ఎర్రర్ వచ్చిన వరసలు యథాతథంగా, ఏ ఫోల్డర్ నుంచి వేశారో, చివరిసారి ఎప్పుడు సరిగ్గా పనిచేసిందో రాయండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ పంపొద్దు, గైడ్‌గారికైనా సరే.

ప్రశ్న: సూపర్‌కంప్యూటర్‌లో లాగిన్ అయిన చోటే చిన్న ప్రోగ్రామ్ నడిపాను. నా అకౌంట్ ఆపేశారు. ఇది అన్యాయం కాదా? (ఎంటెక్ విద్యార్థి, తిరుపతి)

జవాబు: కాదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో 2022లో పెట్టిన పరమ్ ప్రవేగ సూపర్‌కంప్యూటర్ సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్, అంటే సెకనుకు 33 కోట్ల కోట్ల లెక్కలు. అంతటి యంత్రానికైనా లోపలికి వెళ్లే లాగిన్ నోడ్‌లు కొన్నే, అందరూ వాటినే పంచుకోవాలి. ఫైళ్లు సర్దుకోవడానికి, కంపైల్ చేయడానికి, జాబ్ వేయడానికే అవి. నేనూ ఒకప్పుడు ఇదే పని చేశాను. పక్క సీటాయన ఒక అక్షరం కొడితే తెరమీద పడేసరికి టీ తాగి రావచ్చు! ఆయన చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. క్షమాపణ చెప్పి మెయిల్ రాయండి, మామూలుగా తెరుస్తారు. అలాగే స్క్రాచ్ అనే తాత్కాలిక నిల్వలో ఉంచిన ఫలితాలు ఇంటికి తెచ్చుకోండి. కొన్నాళ్లు ముట్టుకోని ఫైళ్లను చాలాచోట్ల తుడిచేస్తారు, బ్యాకప్ ఉండదు.

ప్రశ్న: చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. తోతాపురి సీజన్‌లో తూకం చీటీల ఎక్సెల్ షీట్ తెరిస్తే కంప్యూటర్ బిగుసుకుపోతోంది. సూపర్‌కంప్యూటర్‌లో వేస్తే?

జవాబు: అక్కడ ఎక్సెల్ ఉండదండీ. ప్రపంచంలోని టాప్ 500 సూపర్‌కంప్యూటర్లన్నీ 2017 నవంబరు నుంచి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచేవే, ఎక్సెల్ దానికి లేదు. ఎక్సెల్ షీట్‌లో 10,48,576 వరసలకు మించి పట్టవు కూడా. 64 బిట్ ఎక్సెల్ వేసుకుని, ర్యామ్ 16 జీబీకి పెంచి, పాత సీజన్ల చీటీలను వేరే ఫైల్‌లోకి మార్చండి. ర్యామ్ కొనేముందు మదర్‌బోర్డ్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో చూసుకోండి.