వంద దాకా రాస్తుంది, పన్నెండు చెంచాలు తేలేదు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాప యూకేజీ. వచ్చే నెల బడి అయిపోతుంది. నోట్‌బుక్కులో 1 నుంచి 100 దాకా తప్పు లేకుండా రాస్తుంది. చుట్టాలొచ్చినప్పుడు పన్నెండు చెంచాలు తెమ్మంటే గుప్పెడు పట్టుకొచ్చింది. ఒకటో తరగతిలో వెనకబడుతుందా? - ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: పాప రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని చెయ్యి చూడండి. చాలామంది పిల్లలు ముందు 2, 2, 2 అని నిలువుగా దించేసి, తర్వాత వాటి పక్కన 1 నుంచి 9 పేర్చుకుంటూ పోతారు. అది లెక్క కాదు, ముగ్గు. పేజీ నిండుతుంది, టీచరు టిక్కు పెడతారు, ఇరవై మూడంటే ఎన్నో మాత్రం పిల్లకు తెలియదు.

15 చింతగింజలు కుప్పగా పోసి "ఎనిమిది ఇవ్వు" అనండి. గింజను ముట్టుకోకముందే నోరు పరుగెత్తవచ్చు, ఒకే గింజను రెండుసార్లు లెక్కపెట్టవచ్చు. ఈ రెండింటికీ మందు ఒకటే: లెక్కపెట్టిన గింజను పక్కకు జరపడం. ఎనిమిది దగ్గర ఆగకుండా కుప్పంతా ఇచ్చేస్తే అది వేరే సంగతి. చివర పలికిన అంకే మొత్తం అన్నది ఇంకా పట్టుబడలేదు. లెక్కపెట్టడం అయ్యాక "ఎన్ని?" అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడమూ దానికి గుర్తే.

30 గుడ్ల అట్ట ట్రేలోంచి ఐదేసి గుంటల వరసలు రెండు కత్తిరించండి. గుంటకో గింజ. ఏడు వేస్తే పై వరస నిండి, కింద రెండు పడి, మూడు ఖాళీగా కనిపిస్తాయి. కొన్నాళ్లకు వేలు పెట్టకుండానే "ఏడు" అంటుంది. అలాంటిదే ఇంకో ముక్క పక్కన పెట్టి పదమూడు వేయించండి. ఇక్కడ తెలుగు మాటే ముందు చెప్పండి. థర్టీన్, థర్టీ పిల్లల చెవికి ఒక్కలాగే పడతాయి. పదమూడులో పదీ మూడూ వినిపిస్తూనే ఉంటాయి. రోజుకు పది నిమిషాలు చాలు. ఆట కాగానే గింజల్ని లెక్కపెట్టించి డబ్బాలో వేయించండి, ఒక్కటి తగ్గినా వెతకండి. ముక్కులో దూర్చుకునే వయసే ఇది. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే గింజలు అసలే వద్దు.

ప్రశ్న: ఉగాదికి ముందు ఇంటివాళ్లు క్లాసుకొచ్చి అరగంట ఏదైనా చేయించాలని బడివాళ్లు కబురు పెట్టారు. అత్తయ్య వస్తానంటున్నారు. ఆమెకు ఇంగ్లిషు రాదు. ఇబ్బందవుతుందా? - మలక్‌పేట

జవాబు: ఆమెనే పంపండి. ఉగాది పచ్చడి చేయిస్తే మాటలతో పెద్ద పనే ఉండదు. పాతిక మందికి తలా ఒక చెంచా చాలు కాబట్టి నిమ్మకాయంత కొత్త చింతపండు, గ్లాసు నీళ్లు, చిన్న మామిడికాయ, నాలుగైదు చెంచాల తురిమిన బెల్లం, రెండు చెంచాల వేపపూత, చిటికెడు ఉప్పు. కారం పిల్లలకు చూపించడం వరకే. మామిడి ఇంట్లోనే తరిగి తీసుకెళ్లాలి, క్లాసులోకి కత్తి వద్దు. ఎవరికి ఏది పడదో టీచరును ముందురోజే అడగాలి.

కలపకముందు ఉప్పు, పులుపు, తీపి, చేదు, వగరు వేర్వేరుగా నాలుకకు అంటించాలి. వగరు మామిడి తొక్కలో దొరుకుతుంది. చార్టు మీద ఐదు నిలువు వరసలు గీసి, నచ్చిన రుచి దగ్గర పిల్లలతో తలా ఒక బొట్టుబిళ్ల అంటించాలి. ముందే గళ్లు గీయకపోతే చార్టు పాడవుతుంది: నాలుగు బిళ్లలు ఎడంగా అంటిన వరస, ఆరు దగ్గరగా అంటిన వరస కన్నా పొడుగ్గా కనిపించి, పిల్లలు దాన్నే ఎక్కువంటారు. గడికొక్క బిళ్ల.

ఆఖరి పీరియడు అడగండి. మధ్యలో నానమ్మ వెళ్లిపోతే మీవాడు కొంగు పట్టుకుని ఏడుస్తాడు, క్లాసంతా ఆగిపోతుంది.

ప్రశ్న: చివరి పేరెంట్స్ మీటింగులో ఐదు నిమిషాలే ఇస్తారు. ఏం అడగాలి? - దిల్‌సుఖ్‌నగర్

జవాబు: గ్రేడు కార్డులోనే ఉంటుంది, దాని మీద సమయం పోనివ్వకండి. బాత్రూముకు వెళ్లాలంటే నోరు తెరిచి అడుగుతోందా, "సంచి తీసి, చెప్పులు పెట్టి రా" అంటే రెండూ చేస్తోందా, టిఫిన్ డబ్బా బెల్లు కొట్టేలోపు ఖాళీ అవుతోందా అడగండి. తర్వాత జూన్‌లో వేసిన మనిషి బొమ్మ, మార్చిలో వేసిన బొమ్మ తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. తలలోంచే కాళ్లు మొలిచిన బొమ్మకు ఈపాటికి పొట్ట వచ్చి ఉండాలి.