పల్సర్ 220లో రెవ్ లిమిట్ 11,000 దాకా పెంచొచ్చా?

హెడ్ పోర్టింగ్ (హెడ్‌లో గాలి వెళ్లే దారులు సాపు చేసి వెడల్పు చేయడం) అయింది, పెద్ద కార్బురేటర్, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేశావు, ఇక లిమిటర్ (ఇంజిన్ ఒక స్పీడు దాటకుండా ఆపేది) లేని సీడీఐ, అదే స్పార్క్‌ని నడిపే బాక్సు, పెట్టి 11,000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా లాగొచ్చా అని కదా అడిగావు తమ్ముడూ. లాగుతుంది. ఎన్నాళ్లు లాగుతుందో మాత్రం నా బండిని అడగాలి.

నాదీ 220యే, కార్బురేటర్ మోడల్. నేనూ నీలాగే ముందు సీడీఐ కొన్నాను, ఎందుకంటే పావుగంటలో అయిపోయే పని అదొక్కటే, హెడ్ దించక్కర్లేదు, లేత్ షాపు చుట్టూ తిరగక్కర్లేదు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద మూడో గేరులో ముల్లు 10,000 దాటుతుంటే ఆ గోలకే పొంగిపోయాను. తీరా చూస్తే కంపెనీ సీడీఐతో ఉన్న మా ఫ్రెండే నాకంటే ముందున్నాడు. ఈ ఇంజిన్ తన 21 పీఎస్ ఇచ్చేది 8,500 దగ్గర, ఆ పైన కంపెనీ క్యామ్‌తో (వాల్వులు తెరిచే షాఫ్ట్) సిలిండర్‌లోకి గాలి సరిపడా పట్టదు, పవర్ పడిపోతూ ఉంటుంది. నేను అరుపు వింటూ కూర్చుంటే వాడు గేరు మార్చుకుని వెళ్లిపోయాడు.

రెండు వారాలకి ఒక పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజిన్ ఎప్పటికంటే తేలిగ్గా తిరిగింది కానీ స్టార్ట్ కాలేదు. కిక్ లేదు కదా దీనికి, తోసినా రాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రి హెడ్ దించి, పిస్టన్ మీద వేలు పెట్టి చూపించాడు, మసిలో గోటితో నొక్కినట్టు నెలవంక గుర్తు. ఎగ్జాస్ట్ వాల్వ్ వచ్చి కొట్టిన చోటు అది. వాల్వుని అద్దం మీద దొర్లిస్తే తల అటూ ఇటూ ఊగుతోంది. ఆయన పెద్దగా తిట్టలేదు, బిల్లే తిట్టింది.

జరిగింది ఏంటంటే, ఒక స్పీడు దాటాక పాత స్ప్రింగుకి వాల్వుని టైముకి మూసే బలం ఉండదు, వాల్వు ఇంకా తెరుచుకునే ఉండగా పిస్టన్ పైకి వచ్చేస్తుంది. కింద పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ సంగతి ఇంకో కథ. స్ట్రోక్ (పిస్టన్ పై నుంచి కిందికి కదిలే దూరం) 62.4 మి.మీ., అంటే 8,500 దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 17.7 మీటర్లు, 11,000 దగ్గర దాదాపు 22.9. లోడు ఆర్పీఎం స్క్వేర్ లెక్కన పెరుగుతుంది కాబట్టి ఉదాహరణకి 9,500 నుంచి 11,000కి వెళ్తే ఆర్పీఎం పెరిగేది 16 శాతమే, రాడ్ మీద లాగుడు మాత్రం 34 శాతం.

అందుకే ముందు బండిని డైనో (పవర్ కొలిచే మెషిన్) మీద పెట్టించి పవర్ ఎక్కడ పీక్ అవుతుందో చూడు, లిమిటర్ దానికి 500-800 పైన ఉంటే చాలు. పీక్ పైకి జరగాలంటే క్యామ్ మార్చాలి, క్యామ్ మారిస్తే గట్టి స్ప్రింగులు తప్పవు. ఆ తర్వాత పిల్లలు ఆడుకునే క్లే పిస్టన్ మీద పెట్టి, కొంచెం ఆయిల్ రాసి, హెడ్ బిగించి, టైమింగ్ చైన్ వేసి, క్రాంక్‌ని చేత్తో రెండు రౌండ్లు మెల్లగా తిప్పి, విప్పి, బ్లేడుతో కోసి మందం కొలవాలి, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య మిగిలిన ఖాళీ అదే. మా మేస్త్రి ఇన్‌టేక్ వైపు 1.5, ఎగ్జాస్ట్ వైపు 2 మి.మీ. కంటే తగ్గితే ఒప్పుకోడు.

ఇంకోటి, లిమిటర్ ఆపగలిగేది స్పార్క్‌ని మాత్రమే. స్పీడులో పొరపాటున రెండు గేర్లు దించేస్తే వెనక చక్రమే ఇంజిన్‌ని తిప్పేస్తుంది, దానికి ఏ సీడీఐ అడ్డం రాదు. ఆ పొరపాటుకి కూడా కాస్త జాగా వదలాలి కదా.

ఒకవేళ నీ బాధ స్ట్రెయిట్ చివర్లో లిమిటర్ తగులుతోందనే అయితే ఇంజిన్ వైపు ఉన్న చిన్న స్ప్రాకెట్‌కి (చైన్ తిప్పే పళ్ల చక్రం) ఒక పన్ను పెంచు, అదే ఆర్పీఎంలో స్పీడు సుమారు 7 శాతం పెరుగుతుంది, పికప్ కొంచెం పోతుంది, ఇంజిన్ విప్పే పనే ఉండదు. నా బండికి ఇప్పుడు క్యామ్, స్ప్రింగులు రెండూ మారాయి, అయినా లిమిటర్ 9,800 దగ్గరే పెట్టించాను. నీ క్యామ్ కంపెనీదేనా, మార్చావా? అది రాయలేదు. అది చెప్తే నంబర్ సంగతి మాట్లాడుకుందాం.