కారు కింద నీళ్ళ మడుగు, నా 640 డాలర్లు

తమ్ముడూ, నీ సందేహం చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. డాలస్ వచ్చి రెండు నెలలు, పాత కారు కొని పది రోజులు. పార్కింగులో కారు కింద పళ్ళెమంత మడుగు చూసి మూడు రాత్రులుగా నిద్ర లేదన్నావు, గురువారం మెకానిక్‌కి చూపిస్తున్నానన్నావు, చూసినందుకే 120 డాలర్లు అడిగాడన్నావు. ఆగు. ముందు నా కథ విను. ఈ పాఠానికి నేను ఫీజు ఎప్పుడో కట్టేశాను, మళ్ళీ నువ్వు కట్టక్కర్లేదు.

2009 జులై, హ్యూస్టన్. ఇండియా వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర 2001 మోడల్ కరోలా 3,800 డాలర్లకి కొన్నాను. అప్పట్లో డాలరు 48 రూపాయలు, అంటే లక్షా ఎనభై రెండు వేలు, అందులో సగం రూమ్మేట్ల దగ్గర చేబదులు. మొదటి ఆదివారమే నలుగురం పేర్లాండ్ మీనాక్షి గుడికి వెళ్ళి, కారుకి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించాం. దర్శనం చేసుకుని బయటికొస్తే కారు ముందు భాగం కింద టపటపా చుక్కలు. నిమ్మకాయలు తొక్కించి గంట కూడా కాలేదు! రూమ్మేట్లు ముగ్గురూ సాఫ్ట్‌వేర్ వాళ్ళే, ఒక్కడికీ సొంత కారు లేదు, అయినా తలా ఒక రోగం పేరు చెప్పారు. చివరికి ఇంజిన్‌ని చల్లబరిచే రేడియేటర్ కారుతోందని తేల్చారు.

ఆ సాయంత్రమే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే రంగు ద్రవం, ఒక డబ్బా కొనుక్కొచ్చాను. కారులో ఉన్నది ఎర్రది, నేను తెచ్చింది ఆకుపచ్చది, ఏది పడితే అది కలపకూడదని ఎవరికి తెలుసు? కారులో కూలెంట్ పోసే తొట్టి మీద ఎంతవరకు పోయాలో గీత ఉంటుందని కూడా చూడకుండా నిండుగా పోశాను. మర్నాడు ఇంజిన్ వేడెక్కేసరికి ఎక్కువైనదంతా పొంగి కింద పడింది. దాన్ని చూసి, చూశావా, నిజంగానే లీకుందని నేనే నిర్ధారించుకున్నాను. ఇక షాపుకి పరిగెత్తాను. చూసినందుకు 110, కూలెంట్‌ని ఇంజిన్‌లో తిప్పే వాటర్ పంప్ మార్చినందుకు 530. మొత్తం 640 డాలర్లు, అంటే 30,720 రూపాయలు, మా నాన్న పెన్షన్ మూడు నెలలది. షాపు బయటికొచ్చి ఏసీ వేసుకుని ఇంటికెళ్ళి ఆపితే మళ్ళీ చుక్కలు.

తరవాతి ఆదివారం గుడి దగ్గర కారు కింద తొంగి చూస్తుంటే కాకినాడ పెద్దాయన ఒకాయన వచ్చారు. వంగి టిష్యూతో ఆ తడిని అద్ది, రెండు వేళ్ళతో నలిపి, వాసన చూసి, ‘బాబూ, ఏసీ వేసుకొచ్చావా?’ అన్నారు. అవునండీ అన్నాను. ‘ఇది చెమట, రోగం కాదు’ అని నవ్వి వెళ్ళిపోయారు. ఆ నవ్వు ఇంకా గుర్తుంది.

జరిగేది ఇంతే. డాష్‌బోర్డు వెనక ఎవాపరేటర్ అనే చల్లటి జాలీ ఒకటి ఉంటుంది. లోపలికొచ్చే గాలి దాన్ని తాకితే, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు చెంబుకి పట్టినట్టే, గాలిలోని తేమ నీళ్ళవుతుంది. ఆ నీళ్ళు ఒక చిన్న రబ్బరు గొట్టంలోంచి కింద పడతాయి. మన ఇళ్ళలో స్ప్లిట్ ఏసీ పైపు కింద బకెట్ పెట్టమూ? అదే. చాలా కార్లలో ముందు ప్యాసింజర్ వైపు, అంటే ఇక్కడ కుడి పక్కన, కారుతుంది. ఇంజిన్ ఆపాక కూడా కాసేపు కారుతుంది. గాలిలో తేమ ఎంతుంటే అన్ని నీళ్ళు. మే నెలలో ఎడారి ఊరు ఫీనిక్స్‌లో మా మరదలి కారు కింద చుక్క కనపడదు, మా హ్యూస్టన్‌లో సముద్రపు గాలికి మడుగే కడుతుంది.

నువ్వు చేయాల్సింది రూపాయి ఖర్చు లేని పని. రాత్రి కారు కింద తెల్ల అట్టముక్క పెట్టు, అమెజాన్ డబ్బా చింపినా సరే. పొద్దున్న చూడు. ఆరిపోయి మరక లేకపోతే నీళ్ళే. జిడ్డుగా గోధుమరంగో నలుపో ఉంటే ఇంజిన్ ఆయిల్. ఎర్రగా జిడ్డుగా ఉంటే గేర్ల ఆయిల్ కావచ్చు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ రంగుల్లో తియ్యటి వాసనొస్తే కూలెంట్, అది విషం, కుక్కలూ పిల్లలూ ముట్టుకోకుండా కడిగెయ్. చక్రం దగ్గర జారుడుగా, లేత పసుపుగా ఉండి బ్రేక్ మెత్తగా కిందికి దిగిపోతుంటే మాత్రం డబ్బు లెక్కలు పక్కన పెట్టు, కారు కదపకు. అక్కడ మాత్రమే నేను పిసినారితనం ఒప్పుకోను.

ఇంకో తప్పు కూడా చేశాను, చెప్పేస్తా. 2012లో చుక్కలు వాటంతటవే ఆగిపోతే ఎంతో సంతోషించాను. పదిహేను రోజులకి మా ఆవిడ ‘కాళ్ళ కింద తడిగా ఉందేంటండీ’ అంది. గొట్టం మూసుకుపోయి నీళ్ళన్నీ లోపల కార్పెట్లోకి దిగాయి. నానబెట్టిన బట్టల వాసన, దాన్ని ఆరబెట్టడానికి రెండు వారాలు, అక్కడే పెట్టిన లాప్‌టాప్ సంచి సంగతి అడగకు. ఉక్క రోజుల్లో ఏసీ చల్లగా ఉండి కింద చుక్క పడకపోతేనే అనుమానించాలి. గొట్టం శుభ్రం చేయించడం చిన్న పనే, షాపువాళ్ళని దానికి పెద్ద బిల్లు వేయనివ్వకు.

ఈ నీళ్ళ వల్ల ఇన్‌స్పెక్షన్, అంటే ప్రభుత్వం అడిగే కారు తనిఖీ, ఫెయిలవుతుందా అని కూడా అడిగావు. నీళ్ళకి ఫెయిలవ్వదు. టెక్సస్ ఇన్‌స్పెక్షన్ నియమాలు 2025 జనవరి నుంచి మారాయి, మీ కౌంటీకి పొగ పరీక్ష ఉందో లేదో ప్రభుత్వ సైట్లో చూసుకో. నీ అపార్ట్‌మెంట్ లీజు కాగితాల్లో పార్కింగులో ఆయిల్ మరకల గురించి ఏం రాశారో కూడా చదువు, డిపాజిట్లో కోస్తారు.

డాలర్లని రూపాయల్లోకి మార్చి చూడకూడదని నీకు చాలామంది చెబుతారు. నేను ఇన్నేళ్ళుగా మారుస్తూనే ఉన్నాను, మీ తరానికి అది నామోషీ అనుకుంటా, కానీ ఇల్లు కొన్నది ఆ అలవాటుతోనే. అట్ట ఈ రాత్రే పెట్టు. పొద్దున్న మరక లేకపోతే ఆ గురువారం అపాయింట్‌మెంట్ ఫోన్ చేసి మరీ కేన్సిల్ చేసుకో, చెప్పకుండా మానేస్తే కొన్ని షాపులు దానికీ డబ్బులు లాగుతాయి.