పాత సైనిక టోపీ నకిలీదని తేలితే ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కావలి. పాత సైనిక దుస్తులు, టోపీలు సేకరిస్తుంటాను. హైదరాబాదు వ్యాపారి ఒకరు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రకటన చూసి, 1916లో మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) పోరాడిన అధికారివంటూ అమ్మిన ఖాకీ కోటును, సోలా టోపీని నిరుడు 38,000 రూపాయలకు కొన్నాను. టోపీ మీది బ్యాడ్జీ ఆ కాలానిది కాదని తెలిసినవారు అంటున్నారు. డబ్బు రాబట్టుకోవచ్చా? ఇంగ్లండులో ఒకరు కొంటామంటున్నారు, పంపవచ్చా? అసలు ఇవి ఇంట్లో ఉంచుకోవడం నేరమా?

జవాబు: ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. సైనికుడు కాని వ్యక్తి, తాను సైనికుడినని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో అలాంటి దుస్తులు ధరిస్తేనే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బడిలో నాటకానికి వేసుకుంటే ఆ ఉద్దేశం ఉండదు.

మిగిలిన రెండు ప్రశ్నలకూ జవాబు ఆ వస్తువుల వయసు మీదే ఆధారపడి ఉంది కనుక ముందు దాన్ని తేల్చుకోవాలి. మీరు పంపిన ఫోటోలో బ్యాడ్జీ మీది కిరీటం నడిమి భాగం కిందికి నొక్కుకుపోయి కనిపిస్తోంది. 1901 నుంచి 1952 వరకు బ్రిటిష్ రాజుల కాలంలో వాడిన కిరీటం గుమ్మటంలా పైకి ఉబ్బి ఉంటుంది. ఇలా నొక్కుకుపోయిన రూపం ఎలిజబెత్ రాణి కాలంలో, 1953 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చింది. 1950లో గణతంత్రం ఏర్పడ్డాక మన సైన్యం కిరీటానికి బదులు అశోకుని సింహాలను స్వీకరించింది కనుక, మీ బ్యాడ్జీ మీది కిరీటం ఎలిజబెత్ కాలపు రూపమే అయితే, అది 1916 నాటిది కాకపోవడమే కాదు, భారత సైన్యంలో వాడినది కూడా కాదు. అయితే బ్యాడ్జీని తరువాత ఎవరైనా తగిలించి ఉండవచ్చు. జీలుగు బెండుతో చేసిన టోపీ, కోటు నిజంగా పాతవే కావచ్చు. అందుచేత బ్యాడ్జీ వెనుక పాత రంధ్రాలు వేరేచోట ఉన్నాయా, కోటు లోపల బాణం గుర్తుతో పాటు ‘ఐ’ అక్షరం ఉన్న నాటి భారత ప్రభుత్వ ముద్ర ఉందా అన్నది చూడాలి. అతినీలలోహిత దీపం కింద కుట్టు దారం తెల్లగా మెరిస్తే అది రెండో ప్రపంచ యుద్ధం తరువాతిదని అనుమానించవచ్చు. కానీ ఈ కాలపు సబ్బుపొడితో ఉతికిన పాత గుడ్డ కూడా అలాగే మెరుస్తుంది కాబట్టి ఆ ఒక్క పరీక్షనే నమ్ముకుని కేసు వేయకండి. దయచేసి ఆ కోటును ఉతకవద్దు, బొత్తాలకు మెరుగు పెట్టించవద్దు. వస్తువు ఉన్నది ఉన్నట్టుగా ఉండడమే మీ సాక్ష్యం.

వర్ణనను బట్టి అమ్మిన వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలని వస్తు విక్రయ చట్టం, 1930లోని 15వ సెక్షన్ చెబుతుంది. ‘1916 నాటిది’ అన్న మాట అలాంటి వర్ణనే. కాబట్టి ముందు లాయరు నోటీసు ఇచ్చి, డబ్బు తిరిగి రాకపోతే నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయండి. కొనుగోలుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేసే వీలు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది కనుక హైదరాబాదు తిరగనక్కరలేదు. గడువు రెండేళ్లు, 5 లక్షల లోపు వస్తువుకు రుసుము లేదు. తిరిగి అమ్మడానికి కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. ఇంగ్లండు బేరాన్ని పట్టుకుని ఎదుటివారు ఆ వాదన తప్పక లేవనెత్తుతారు కాబట్టి, కొన్ననాటికి మీ ఉద్దేశం సేకరణేనని చూపే పాత రసీదులు, ఉత్తరాలు దగ్గర ఉంచుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జతచేయాలి.

వ్యాపారి ఇరుక్కున్న చోటు మరొకటుంది. వందేళ్లు దాటిన, చారిత్రక ప్రాధాన్యం గల వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు అవుతుంది. అలాంటివి అమ్మే వ్యాపారానికి 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాలి. తన మాట నిజమే అంటే ఆయన లైసెన్సు చూపించాలి, అబద్ధమైతే మీ డబ్బు తిరిగి ఇవ్వాలి. నోటీసులో ఈ విషయం స్పష్టంగా రాయించండి.

ఇదే చట్టం మీకూ వర్తిస్తుంది. పురావస్తువును ప్రైవేటు వ్యక్తి విదేశానికి పంపకూడదు; కొరియరులో పంపినా నేరమే, శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, జరిమానా. పురావస్తువు అవునా కాదా అన్న వివాదంలో 24వ సెక్షన్ కింద కేంద్ర పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ ఇచ్చే నిర్ణయమే అంతిమం. కనుక ఆ శాఖ నుంచి ‘పురావస్తువు కాదు’ అని రాతపూర్వకంగా వచ్చేదాకా ఇంగ్లండు బేరానికి అడ్వాన్సు తీసుకోకండి. ఆ పత్రం వస్తే అది కమిషన్ ముందు కూడా మీ వాదనకు బలమైన ఆధారమవుతుంది. కాబట్టి దరఖాస్తును నోటీసుతో పాటే, ఈ నెలలోనే పెట్టండి.