మెదడు ఉద్దీపన చికిత్స కంటే ముందు ఆ మాత్రల సంగతి చూడాలి

ప్రశ్న: నా వయసు 28 ఏళ్లు. నాకు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ ఉందని రెండేళ్ల క్రితం మానసిక వైద్యులు చెప్పారు. కోపం వస్తే క్షణం కూడా ఆగలేను. ఒక్క రాత్రిలో జీతమంతా ఖర్చు పెట్టేయడం, ఒక్క మెసేజ్‌తో ఉద్యోగం వదిలేయడం, బండి విపరీతమైన వేగంతో నడపడం వంటివి చేసి, తర్వాత కుమిలిపోతుంటాను. కౌన్సెలింగ్‌కు నాలుగుసార్లు వెళ్లి మానేశాను. అమ్మకు గతంలో రాసిన అల్‌ప్రజోలామ్ మాత్రలు అవసరమైనప్పుడు వేసుకుంటున్నాను. పోయిన నెల గొడవ జరిగిన రాత్రి కాస్త ఎక్కువ వేసుకున్నాను గానీ, నిద్రపోయి లేచాను, ఏమీ కాలేదు. మెదడుకు కరెంటు గానీ అయస్కాంత తరంగాలు గానీ ఇచ్చే చికిత్సతో ఈ దుడుకుతనం తగ్గుతుందని చదివాను. అయస్కాంతంతో చేసే ఆర్‌టీఎంఎస్ మంచిదా, కరెంటుతో చేసే టీడీసీఎస్ మంచిదా? ఎన్ని సిట్టింగులు కావాలి? ఇంట్లో వాడుకునే పరికరం కొనుక్కోవచ్చా?

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. దానికంటే ముందు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గర ఆగాలి. గొడవ జరిగిన రాత్రి మాత్రలు ఎక్కువ వేసుకోవడాన్ని, ఆ సమయంలో మీరు కోరుకున్నది నిద్ర ఒక్కటే అయినా సరే, వైద్యులు తేలిగ్గా తీసుకోరు. మత్తు కలిగించే మాత్రల మోతాదు మించితే ఊపిరి మందగించవచ్చు. వాటికి మద్యమో, కొన్ని రకాల నొప్పి మందులో తోడైతే ఆ ప్రమాదం బాగా పెరుగుతుంది. అందువల్ల తెల్లవారి లేచారు కాబట్టి ఏమీ కాలేదనుకోవడం సరికాదు. భావాలు, ప్రవర్తన, సంబంధాలు నిలకడగా ఉండని ఈ బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (ఇకపై బీపీడీ అంటాను) ఉన్నవారిలో ఆత్మహత్య ముప్పు మిగతావారిలో కంటే ఎక్కువని దశాబ్దాలుగా తెలుసు. ఇలాంటి సంఘటన ఒకసారి జరిగి ఉంటే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది.

కాబట్టి మిమ్మల్ని ఇదివరకు చూసిన మానసిక వైద్యులను ఈ వారంలోనే, వీలైతే రేపే కలిసి, ఆ రాత్రి జరిగినది దాచకుండా చెప్పండి. నిద్ర కోసం వేసుకున్నారా, చనిపోవాలన్న ఆలోచనతో వేసుకున్నారా అని ఆయన సూటిగా అడుగుతారు. మీరూ అంతే సూటిగా చెప్పండి. అలాంటి ఆలోచన మళ్లీ వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, లేదా ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ఇక ఆ మాత్ర గురించి. అల్‌ప్రజోలామ్‌ను అందరూ నిద్రమాత్ర అనేస్తారు గానీ, అది బెంజోడయాజెపైన్ల తరగతికి చెందిన, ఆందోళన తగ్గించే మందు. మద్యం లాగే అది కూడా మనిషికి తన మీద తనకుండే అదుపును సడలించగలదు. కొందరికి ఆ సడలింపు హాయిగానే ఉంటుంది. మీ జబ్బులో మాత్రం ఆ అదుపు చాలకపోవడమే అసలు ఇబ్బంది. బీపీడీ ఉన్న మహిళలపై జరిగి 1988లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, అల్‌ప్రజోలామ్ వాడిన కాలంలో వారి ప్రవర్తన మరింత తీవ్రంగా అదుపు తప్పినట్టు తేలింది. ఆ తర్వాతి నుంచి ఈ జబ్బులో ఈ తరగతి మందులను వైద్యులు చాలా జాగ్రత్తగా, వీలైనంత తక్కువ రోజులు మాత్రమే వాడుతున్నారు. ఏ దుడుకుతనం తగ్గాలని మీరు యంత్రాల గురించి ఆరా తీస్తున్నారో, దానిని మీ ఇంటి అలమరాలో ఉన్న మాత్రే ఎగదోస్తూ ఉండవచ్చు. మిమ్మల్ని పరీక్షించకుండా ఇది ఖాయమని నేను చెప్పలేను. మిమ్మల్ని చూసే వైద్యులు మాత్రం ముందుగా తేల్చవలసింది ఇదే.

అయితే ఇది చదివి ఈ రాత్రి నుంచే మాత్రలు పూర్తిగా ఆపేయకండి. ఎంత మోతాదు, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నెలలుగా వేసుకుంటున్నారో మీరు రాయలేదు. ఎప్పుడో ఒకసారి వేసుకునేవారికి మానడం పెద్ద కష్టం కాదు గానీ, కొన్ని వారాలుగా రోజూ వేసుకుంటున్నవారు హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టకపోవడం, వణుకు, పట్టరాని ఆందోళన మొదలై, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. వైద్యుల పర్యవేక్షణలో మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. అప్పటిదాకా ఆ స్ట్రిప్పులు మీ గదిలో ఉండకూడదు. ఇంట్లో మీరు నమ్మే ఒకరి దగ్గర ఉండాలి, వారే ఇవ్వాలి. ఇలా అంటున్నానని నొచ్చుకోకండి. ఇంట్లో ఒకరికి రాసిన మందును ఇంకొకరు మింగి, పరిస్థితి ముదిరాక వచ్చేవారిని ఓపీలో చూడని వారం నాకు లేదు. వారిలో చాలామంది మీలాగే చదువుకున్నవారు, మీలాగే ‘అవసరమైనప్పుడు మాత్రమే’ అని చెప్పేవారు. అమ్మకు ఆ మందు రాసిన డాక్టర్‌కు మీ జబ్బు సంగతి తెలియదు. తెలిసి ఉంటే బహుశా మీకు ఆ మందు రాసేవారే కారు.

ఇప్పుడు మీరడిగిన చికిత్స సంగతి. ఆర్‌టీఎంఎస్‌లో తలకు ఆనించి ఉంచిన తీగచుట్ట గుండా బలమైన అయస్కాంత స్పందనలు పంపుతారు. అవి పుర్రెను దాటి, మెదడు పైపొరలో స్వల్పమైన విద్యుత్తును పుట్టిస్తాయి. పుర్రె తెరవనక్కరలేకుండా అయస్కాంతంతో మెదడును ఉద్దీపింపజేయవచ్చని 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చూపించింది. ఈ తరహా చికిత్సకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో డిప్రెషన్‌కు, 2018లో ఓసీడీకి (అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వెంటాడే జబ్బుకు), 2020లో పొగతాగే అలవాటు మాన్పించడానికి అనుమతులిచ్చింది. బీపీడీకి అలాంటి అనుమతి లేదు. టీడీసీఎస్ ఇంకా సాదాసీదా పద్ధతి: ఉప్పునీటిలో తడిపిన రెండు స్పాంజి ఎలక్ట్రోడ్లను తలకు అమర్చి, సాధారణంగా 1 నుంచి 2 మిల్లీ ఆంపియర్ల కరెంటును 20 నిమిషాలో, అరగంటో పంపుతారు. కరెంటు చికిత్స అనగానే చాలామందికి గుర్తొచ్చే ఈసీటీకీ దీనికీ పోలిక లేదు. ఇక్కడ మత్తు ఇవ్వరు, ఫిట్స్ తెప్పించరు.

ఈ రెండు పద్ధతుల వెనుక ఉన్న ఆలోచన సబబైనదే. బీపీడీలో భయం, కోపం వంటి భావాలతో సంబంధమున్న అమిగ్డాలా అనే భాగం అతిగా స్పందిస్తుందనీ, దానికి కళ్లెం వేయాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనుక భాగం, తగినంతగా పనిచేయడం లేదనీ స్కానింగ్ అధ్యయనాలు చాలావాటిలో కనిపించింది. ఆ ముందు భాగాన్ని చురుకు చేస్తే, కోపానికీ చేతికీ మధ్య కాస్త వ్యవధి దొరుకుతుందని ఆశ. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో 30 మంది రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు నుదుటి కుడివైపు భాగంపై టీడీసీఎస్, రెండో జట్టుకు ఉత్తుత్తి చికిత్స ఇవ్వగా, నిజమైన చికిత్స అందినవారిలో దుడుకుతనం, దూకుడు స్కోర్లు తగ్గాయి. ఆర్‌టీఎంఎస్‌తోనూ ఇలాంటి చిన్న అధ్యయనాలు జరిగాయి. కొన్నింటిలో మేలు కనిపించింది.

నాకున్న సంకోచం ఆ ‘చిన్న’ అన్న మాట దగ్గరే. పదుల సంఖ్యలో రోగులు, కొద్ది వారాల పరిశీలన. ఒకరు మెదడు కుడివైపున ఇస్తే ఇంకొకరు ఎడమవైపున ఇచ్చారు. ఫలితాన్ని కొలిచింది ఎక్కువగా ప్రశ్నావళులతో. దుడుకుతనాన్ని కొలిచే 30 ప్రశ్నల బారట్ స్కేలులో నాలుగు మార్కులు తగ్గడమూ, అర్ధరాత్రి గొడవ మధ్యలో మీ చెయ్యి మాత్రల వైపు వెళ్లకుండా ఆగడమూ ఒకటేనా అన్నది ఈ అధ్యయనాలు తేల్చలేదు. అందుకే ఆర్‌టీఎంఎస్, టీడీసీఎస్‌లలో ఏది మెరుగని ఎవరైనా గట్టిగా చెబితే వారి మాటను అనుమానించండి. డిప్రెషన్‌కైతే ఆర్‌టీఎంఎస్‌ను సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు ఇస్తారు. బీపీడీకి ఇన్ని సిట్టింగులని స్థిరపడిన లెక్క లేదు. ఇన్ని సిట్టింగుల్లో మీ స్వభావాన్నే మార్చేస్తామని ప్యాకేజీ చూపించేవారి దగ్గర సంతకం చేయకండి. మీకు బీపీడీతోపాటు మందులకు లొంగని డిప్రెషన్ కూడా ఉంటే, ఆ డిప్రెషన్ కోసం ఆర్‌టీఎంఎస్ గురించి మీ వైద్యులతో చర్చించడం సమంజసం. ఎథిక్స్ కమిటీ అనుమతితో జరిగే పరిశోధనలో చేరే అవకాశం దొరికినా ఆలోచించవచ్చు. అంతకుమించి దీన్ని మొదటి చికిత్సగా నేను సూచించలేను.

ఇంటి పరికరం వద్దు. ఎలక్ట్రోడ్ కొన్ని సెంటీమీటర్లు పక్కకు జరిగితే కరెంటు వెళ్లే దారి మారుతుంది. స్పాంజి ఆరిపోతే చర్మం కాలే ప్రమాదం ఉంది. మెదడుకున్న ఒక సామర్థ్యం పెరుగుతుందనుకుంటే మరొకటి తగ్గే అవకాశమూ ఉంది. ఇలా సొంతంగా వాడేవారిని హెచ్చరిస్తూ ఈ రంగంలోని పరిశోధకులే 2016లో బహిరంగ లేఖ రాశారు. మీ విషయంలో నాకు ఇంకొక భయం కూడా ఉంది. 20 నిమిషాలకు మనసు కుదుటపడకపోతే ఇంకో 20 నిమిషాలు పెట్టుకోవాలనిపిస్తుంది, ఆ రాత్రి ఒక మాత్ర చాలక ఇంకొకటి వేసుకున్నట్టే.

కౌన్సెలింగ్ నాలుగుసార్లకే మానేశారని రాశారు. ఈ జబ్బులో నాలుగు సిట్టింగులు పరిచయానికే సరిపోవు. మార్షా లైనహాన్ రూపొందించిన డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ (డీబీటీ) ఫలితాలు 1991లో వెలువడ్డాయి. వారానికొకసారి విడిగా, మరోసారి బృందంతో, ఏడాదిపాటు సాగిన ఆ చికిత్సతో స్వీయహాని తగ్గింది. మెంటలైజేషన్ (తన మనసులో, ఎదుటివారి మనసులో ఏముందో గ్రహించడం) ఆధారిత చికిత్సకూ మంచి ఆధారాలున్నాయి. మీరడుగుతున్న క్షణం పాటు ఆగడం అనే విద్యను ఇవి సాధన చేయించి నేర్పుతాయి. బీపీడీకంటూ ప్రత్యేకంగా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. ఈ జబ్బుకనే మందులు వాడవద్దని వైద్య మార్గదర్శకాలు రూపొందించే బ్రిటన్ సంస్థ నైస్ 2009 మార్గదర్శకాల్లోనే చెప్పింది. వెనుకటి థెరపిస్ట్‌తో పొసగకపోతే వేరొకరిని అడగండి, థెరపీనే వదిలేయకండి. 290 మంది బీపీడీ రోగులను ఏళ్ల తరబడి వెంబడించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, 10 ఏళ్లలో 93 శాతం మంది కనీసం రెండేళ్లపాటు ఈ జబ్బు నిర్ధారణ ప్రమాణాల నుంచి బయటపడ్డారు. ఉద్యోగం, సంబంధాలు కూడా నిలదొక్కుకున్నవారు సగం మందే అన్నదీ నిజమే. అయినా ముందుగా తగ్గుముఖం పట్టినవి దుడుకు చేష్టలే అన్నది మీరు గుర్తుంచుకోవలసిన సంగతి.

రోగ నిర్ధారణ జరిగి రెండేళ్లయింది కనుక దాన్ని ఒకసారి సరిచూడమని కూడా మీ వైద్యులను అడగండి. జీతం మొత్తం ఖర్చు పెట్టేసిన రోజుల్లో నాలుగైదు రోజులు నిద్ర తక్కువైనా అలసట లేకుండా, ఉత్సాహం పొంగుతున్నట్టు ఉండేదా? అలా ఉంటే ఉన్మాదం, డిప్రెషన్ విడతలుగా వచ్చే బైపోలార్ డిజార్డర్ గురించి ఆలోచించాలి. అది తెలియకుండా ఆర్‌టీఎంఎస్ మొదలుపెడితే ఉన్మాద స్థితి పైకి తేలే ప్రమాదం ఉంటుంది. చిన్ననాటి నుంచీ నిలకడ లేకపోతే ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) పరీక్ష, బరువు, గుండె దడ మారుతుంటే థైరాయిడ్ పరీక్ష అవసరమవుతాయి. మద్యం సంగతి మీరు రాయలేదు, వారికైనా చెప్పండి.

ఇవన్నీ చూశాక కూడా ఆర్‌టీఎంఎస్ వైపే నిర్ణయం జరిగితే, మొదటి సిట్టింగుకు ముందే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి: గతంలో ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, తలకు పెద్ద దెబ్బ తగిలిందా, తలలో లోహపు క్లిప్పు గానీ, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ గానీ, ఛాతీలో పేస్‌మేకర్ గానీ ఉన్నాయా, గర్భం ఉండే అవకాశం ఉందా అన్నవి. ఈ చికిత్సలో ఎక్కువమందికి వచ్చేది తలనొప్పి, తల చర్మం నొప్పి మాత్రమే. మేం భయపడేది మాత్రం ఫిట్స్‌కు. అవి చాలా అరుదు. అయితే బుప్రోపియాన్, క్లోజపైన్, ట్రమడాల్ వంటి మందులు, ముందు రాత్రి నిద్ర లేకపోవడం, మద్యాన్నో బెంజోడయాజెపైన్‌నో హఠాత్తుగా ఆపడం ఆ అరుదైన ప్రమాదాన్ని పెంచుతాయి. కాబట్టి మీరు వాడే మందులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. అందులో అమ్మకు రాసిన ఆ మాత్ర పేరు, ఎంత మోతాదు, చివరిసారి ఏ రోజు వేసుకున్నారన్నది కూడా ఉండాలి.