ఆటగాడు సరే, ఆమెను ఏమనాలి?

సందేహం: అమెరికా బాస్కెట్‌బాల్ తార కెయిట్లిన్ క్లార్క్‌ను ఒకచోట ‘మహిళా ఆటగాడు’ అన్నారు, ఇంకోచోట ‘మహిళా క్రీడాకారిణి’ అన్నారు. నేను ‘ఆటకత్తె’ అంటే మా ఇంట్లో నవ్వారు. ఏది ఒప్పు? పాయింట్లు ‘కొట్టింది’ అనాలా, ‘సాధించింది’ అనాలా?

సమాధానం: మీ మాటే నాకు నచ్చింది. ‘మహిళా ఆటగాడు’ చూస్తే ఒళ్లు మండుతుంది. ‘గాడు’ అన్నాక మహిళ ఎలా అవుతుంది? రెండో దాంట్లో ఆడతనం రెండుసార్లు చెప్పారు.

వేటకాడు, విలుకాడు, చెలికాడు మాటల్లో ఉన్న ‘కాడు’ ప్రత్యయమే ఆటగాడిలో ‘గాడు’ అయింది. దానికి జోడు ‘కత్తె’. చెలికాడికి చెలికత్తె, వేటకాడికి వేటకత్తె, అందగాడికి అందగత్తె. ఇంత చక్కని జంట ఇంట్లో ఉండగా సంస్కృతం గడప తొక్కడం దేనికి? అక్కడా పేచీయే. క్రీడాకారుడిలో ఉన్నది ‘కార’ శబ్దం, ‘కారిణి’ పుట్టింది ‘కారిన్’ నుంచి. వాడుక ఆ రెంటినీ ఆలుమగల్ని చేసింది.

మీవాళ్లు నవ్వడానికి కారణం ఉంది. నిఘంటువుల్లో ఆటకత్తె అంటే నర్తకి. మన ‘ఆడు’ ధాతువులో ఆటా నాట్యమూ కలిసే ఉన్నాయి. ఆటవెలదీ నర్తకే. ఆ మాటకు వేశ్య అన్న అర్థమూ అంటుకుంది. అయినా ఆ పేరున్న ఛందస్సులోనే వేమన ‘ఉప్పు కప్పురంబు’ చెప్పాడు, పసిపిల్లల చేత కూడా వల్లె వేయిస్తున్నాం. ఆటవెలదికి లేని మైల ఆటకత్తెకు ఎందుకు?

క్లార్క్ ఆట చూడండి. అయోవా విశ్వవిద్యాలయం తరఫున నాలుగేళ్లలో 3,951 పాయింట్లు. పురుషుల కళాశాల ఆటలో పీట్ మారవిచ్ నెలకొల్పిన, 1970 నుంచి చెక్కుచెదరని 3,667 పాయింట్ల రికార్డును 2024 మార్చి 3న ఫ్రీ త్రోతో (ఎదుటి జట్టు ఫౌల్‌కు దక్కే అడ్డులేని త్రో) దాటింది. మారవిచ్ ఆ పాయింట్లను మూడేళ్లలో, 83 ఆటల్లోనే, దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత లేని రోజుల్లో చేశాడన్నదీ మరవకూడదు. ఆ ఏప్రిల్‌లోనే అమెరికా మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలోని ఇండియానా ఫీవర్ జట్టు కొత్తవాళ్ల ఎంపికలో ఆమెను అందరికన్నా ముందు తీసుకుంది. మొదటి సీజన్‌లోనే 337 అసిస్టులతో (తోటివాళ్లకు బంతి అందించి బుట్టలో వేయించడం) లీగ్ రికార్డు రాసింది, ఉత్తమ కొత్త క్రీడాకారిణి బహుమతీ అందుకుంది. అంత దూరం నుంచి గురి చూసి వేసే ఆమెను ‘విలుకత్తె’ అన్నా నాకు ముచ్చటే.

నేనైతే ఆటకత్తె అనే రాస్తాను, ‘ఆటగత్తె’ అన్నా తప్పు పట్టను. క్రీడాకారిణి జనం నోట స్థిరపడింది కాబట్టి ఎవరైనా అలా రాస్తే దిద్దను. ముందు ‘మహిళా’ తగిలిస్తే మాత్రం కొట్టేస్తాను. ఇక పాయింట్లు ‘కొట్టింది’, ‘సాధించింది’, రెండూ సాధువే.